జర్మనీలో పార్సెళ్ల కోసం ఆరేళ్లుగా వాడుతున్న జర్మన్ మాటలు: నా అనుభవం

డ్రెస్డెన్‌కు వచ్చిన కొత్తలో ‘వో ఇస్ట్ మైన్ పకేట్?’, అంటే ‘నా పార్సెల్ ఎక్కడుంది?’ అన్న ఒక్క వాక్యంతో పోస్టాఫీసు పనులన్నీ జరిగిపోతాయని నమ్మాను. ఆరేళ్లు వాడాక తెలిసినదేమంటే, వాక్యంలో తప్పేమీ లేదు గాని, అడిగిన వెంటనే అవతలివారు ‘జెండుంగ్స్‌నుమ్మర్?’ అంటారు, ఆ ట్రాకింగ్ నంబరు చేతిలో లేకపోతే మాట అక్కడే ఆగిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చినది పక్కింటివారిని అడిగే వాక్యం. మనం ఇంట్లో లేనప్పుడు పార్సెల్‌ను పొరుగువారికి ఇచ్చి, వారి పేరు రాసిన చీటీని మన పోస్టు డబ్బాలో వేసి వెళ్లడం ఇక్కడ మామూలు. ‘ఇస్ట్ బై ఈనెన్ ఐన్ పకేట్ ఫ్యూర్ మిష్ ఆప్‌గెగేబెన్ వోర్డెన్?’ (నా కోసం మీ దగ్గర పార్సెల్ ఏదైనా ఇచ్చి వెళ్లారా?) అన్న వాక్యాన్ని మెట్లు దిగుతూ వల్లెవేసుకుని కింది అంతస్తు పెద్దావిడ తలుపు తట్టిన రోజు ఇంకా గుర్తుంది. ఆవిడ పూర్తిగా విని, చెప్పుల అరమీదున్న పెట్టెను రెండు చేతులతో అందించారు. ఇప్పటికీ ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వాడుతున్నాను.

మాటలకన్నా ముందు సరిచూసుకోవలసినది పేరు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఫ్లాట్ నంబర్లు ఉండవు, కాలింగ్ బెల్ పక్కనున్న ఇంటిపేరును బట్టే పార్సెల్ చేరుతుంది. అమ్మ మొదటిసారి ఆవకాయ పంపినప్పుడు నా పేరు మాత్రమే రాసింది, బెల్ మీదేమో ఇంటిపేరు మాత్రమే ఉంది. చిరునామాదారు దొరకలేదన్న ముద్రతో ఆ పెట్టె తెనాలికి తిరిగి వెళ్లడానికి రెండు నెలలు పట్టింది. అమ్మ ఫోన్‌లో ఏమీ అనలేదు, కానీ నాకు మాత్రం చాలా బాధ కలిగింది. అప్పటినుంచి ఇంటిపేరు పూర్తిగా రాయిస్తున్నాను.

ఒకసారి ట్రాకింగ్‌లో ‘ట్సూగెష్టెల్ట్’ (అందజేశాం) అని కనిపించింది గాని, ఇంట్లోగాని పొరుగునగాని ఏమీ లేదు. కొరియర్ సంస్థకు మూడుసార్లు ఫోన్ చేసినా పంపినవారినే అడగమన్నారు. విసుగొచ్చింది గాని, ఆ సలహా సరైనదే. వినియోగదారుడు దుకాణం నుంచి కొన్న వస్తువు అతని చేతికి అందేవరకు, దారిలో పోతే ఆ నష్టం అమ్మినవారిదేనని జర్మన్ చట్టం చెబుతుంది. అందుకే ‘ఇష్ హాబె డాస్ పకేట్ నిష్ట్ ఎర్‌హాల్టెన్’ (నాకు పార్సెల్ అందలేదు) అని దుకాణానికి రాసి, ‘నాఖ్‌ఫోర్షుంగ్స్‌ఔఫ్‌ట్రాగ్’, అంటే వెతుకులాట దరఖాస్తు, పెట్టమని కోరాను. పదకొండు రోజుల్లో మరో పెట్టె వచ్చింది.

కస్టమ్స్ వారి దగ్గర మాత్రం ‘ఎస్సెన్’ (తిండి) అని పొడిగా చెప్పకూడదు. ఐరోపా సమాఖ్య బయటినుంచి పాలు, మాంసంతో చేసినవి పార్సెల్‌లో రానివ్వరు గనుక, ఆ మాట వినగానే ప్రశ్నలు పెరుగుతాయి. అమ్మను పాలకోవా పెట్టవద్దని బతిమాలుకోవలసి వచ్చింది. ఇంటివారు పంపే కానుక విలువ 45 యూరోలు దాటకపోతే సుంకం ఉండదు కాబట్టి, ‘ఐన్‌గెలెగ్టె మాంగోస్, ఐన్ గెషెంక్ ఫోన్ మైనర్ ముట్టర్’ (ఊరవేసిన మామిడికాయలు, మా అమ్మ కానుక) అని చెప్పాను. అధికారి నూనె కారకుండా మూతకు కట్టిన గుడ్డను విప్పి, వాసన చూసి, మళ్లీ జాగ్రత్తగా కట్టి ఇచ్చారు.