బోస్టనా, ఫిలడెల్ఫియానా?

అమెరికా స్వాతంత్ర్య చరిత్ర చూడాలని ఉండి, ఒక్క ఊరికే టైముంటే నా ఓటు ఫిలడెల్ఫియాకే. 1776లో స్వాతంత్ర్య ప్రకటనని ఆమోదించిందీ, 1787లో రాజ్యాంగం తయారుచేసిందీ ఇండిపెండెన్స్ హాల్‌లోని ఒకే గదిలో. ఆ 1787 సభల్లో వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది, వీపు ఆనే చోట పైన సగం సూర్యుణ్ణి చెక్కి బంగారు పూత పూశారు, దాన్ని వెతికి మరీ చూడండి. హాల్‌కి టైము వేసిన టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. రోడ్డు దాటితే అమెరికా స్వేచ్ఛకి గుర్తుగా చూసే పగులు పడ్డ గంట లిబర్టీ బెల్, దానికి టికెట్టే లేదు. అన్నీ దగ్గరదగ్గరే కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినా మోకాళ్ళ నొప్పుల టెన్షన్ ఉండదు.

బోస్టన్‌లో అలా కాదు, నడవాలి. అక్కడి చారిత్రక చోట్లని కలిపే నడకదారి ఫ్రీడమ్ ట్రైల్ దాదాపు 4 కిలోమీటర్లు. బోస్టన్ కామన్ పార్కులో మొదలుపెట్టి నేల మీది ఎర్ర గీత పట్టుకుని పోతే, స్వాతంత్ర్య పోరాటంలో ముందున్న శామ్యూల్ ఆడమ్స్, పాల్ రివీర్ సమాధులున్న గ్రానరీ శ్మశానం మీదుగా యుద్ధ స్మారక స్తంభమున్న బంకర్ హిల్ దాకా 16 చోట్లు చూడొచ్చు. చివర్లో ఆ స్తంభం ఎక్కాలంటే 294 మెట్లు, లిఫ్ట్ లేదు. స్కూలు పిల్లలుంటే మాత్రం బోస్టనే, గీత ఎటు తిరిగిందో చూడ్డానికి వాళ్ళే ముందు పరిగెడతారు. జనవరి, ఫిబ్రవరి చలిలో ఆ నడక వద్దు.