నాలుగేళ్ళు, 11,000 కిలోమీటర్లు: ల్యూనెబుర్గ్ హైడె ఇసుకలో నా గ్రావెల్ సైకిల్

2021 జూన్‌లో ఈ సైకిల్ కొన్నాను. కరోనా కాలం, షాపుల్లో సైకిళ్ళు దొరకడమే గగనంగా ఉన్న రోజులు. నా సైజులో ఒక్కటే మిగిలి ఉంటే 1,650 యూరోలు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికి నాలుగేళ్ళు నిండాయి, మీటరులో 11,000 కిలోమీటర్లు దాటాయి. అందులో సగానికి పైగా జర్మనీలో నేనుండే హాంబుర్గ్‌కి దక్షిణాన ఉన్న ల్యూనెబుర్గ్ హైడెలో తొక్కినవే. ఇలాంటి నేల మీద తిరగడానికి సైకిల్ కొనాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

మా గోదావరి జిల్లాల్లో గ్రావెల్ అంటే లారీలతో తోలి రోడ్డుకి పరిచే ఎర్రమట్టి. ఇక్కడ గ్రావెల్ సైకిల్ అంటే రేసు సైకిల్‌లాంటి వంపు హ్యాండిల్, దానికి లావు టైర్లు, డిస్క్ బ్రేకులు. నాది అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు. చైను తిరిగే పళ్ళ చక్రాలు ముందు పెడల్ దగ్గర రెండు, 46, 30 పళ్ళవి; వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా. సస్పెన్షన్ లేదు.

ముందు నేల గురించి చెప్పాలి, ఎందుకంటే సైకిల్ మంచిచెడ్డలన్నీ అక్కడే తేలతాయి. హైడె అంటే మోకాలి ఎత్తు కూడా రాని హీథర్ పొదలు పరుచుకున్న బయలు. ఆగస్టులో ఆ పొదలన్నీ ఊదారంగు పూలు పూస్తాయి, సెప్టెంబర్ మొదటి వారం దాకా ఆ రంగు నిలుస్తుంది. మధ్యమధ్యలో జునిపర్ చెట్లు దూరం నుంచి చూస్తే మనుషులు నిలబడ్డట్టే ఉంటాయి. ఇది దానంతట అది తయారైన నేల అనుకుంటాం గానీ, మనుషులూ గొర్రెలూ కలిసి చేసింది. వందల ఏళ్ళ పాటు అడవి కొట్టి, గొర్రెల్ని మేపి, పైమట్టిని పొదలతో సహా పెళ్ళలుగా కోసి కొట్టాల్లో పరిచారు. పేడతో కలిసిన ఆ మట్టిని పొలాలకి ఎరువుగా తోలారు. సారమంతా పోయిన ఆ ఇసుకలో హీథర్ బాగా బతికింది. 1906లో విల్‌హెల్మ్ బోడె అనే పాస్టర్ టోటెన్‌గ్రుండ్ అనే లోయని ఇళ్ళ స్థలాలు కాకుండా కొనిపించి కాపాడాడు. ఇప్పుడు దాని చుట్టూ 234 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ఉంది.

అంటే మనం తొక్కేది హిమయుగం వదిలిపోయిన ఇసుక మీద. ఎత్తులు లేవు, అన్నిటికంటే ఎత్తయిన విల్సెడె కొండ 169 మీటర్లే. చాలా దారులు గట్టిగా, చదునుగా, హాయిగా ఉంటాయి. అలా హాయిగా పోతూ పోతూ ఉండగా హఠాత్తుగా పంచదారలాంటి మెత్తటి తెల్ల ఇసుక వస్తుంది. ముందు చక్రం అందులో దిగగానే ఎవరో పట్టుకుని పక్కకి లాగినట్టు తిరిగిపోతుంది. మొదటి నెలలో విల్సెడె కొండ దిగేటప్పుడు మూడుసార్లు పడ్డాను. తప్పు నాదే: భయంతో హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను, బ్రేకు వేశాను. ఇసుక కనిపించకముందే తేలిక గేరులోకి వచ్చి, కాస్త వెనక్కి కూర్చుని, చేతులు వదులుగా పెట్టి, ఆపకుండా తొక్కాలి. చక్రం అటూ ఇటూ కదిలినా దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఇది ఒంటబట్టడానికి నాకు ఒక వేసవి పట్టింది.

ఇక టైర్లు. నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే: ఈ నేల మీద సైకిల్ ఖరీదు కంటే టైరు లావు, అందులోని గాలి ఎక్కువ తేడా చూపిస్తాయి. కొన్నప్పుడు 38 మిల్లీమీటర్ల టైర్లు వచ్చాయి. వాటిలో ట్యూబులు వేసి 3.5 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టి తిరిగినప్పుడు సాయంత్రానికి అరచేతులు తిమ్మిరెక్కేవి. రెండో ఏడాది ఈ ఫ్రేమ్‌లో పట్టే గరిష్ఠం, 45 మిల్లీమీటర్ల టైర్లు, ట్యూబ్‌లెస్‌గా వేయించాను. నా బరువు 62 కిలోలు. ముందు 1.8, వెనక 2.0 బార్. అదే సైకిల్, అదే దారి, నమ్మలేనంత తేడా.

2023 ఆగస్టులో మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు వాడికి అద్దె సైకిల్ తీసుకుని ఇద్దరం వెళ్ళాం. రైల్వే స్టేషన్ దగ్గర వాడు నా టైరు బొటనవేలితో నొక్కి చూసి, "అక్కా, గాలి దిగిపోయింది, కొట్టిద్దామా?" అన్నాడు. చిన్నప్పుడు మా ఇద్దరికీ నాన్న నేర్పింది అదే, టైరు రాయిలా ఉండాలని. "వద్దురా, దీనికి ఇంతే ఉండాలి" అంటే వాడు నమ్మలేదు. ఉండెలో అనే ఊరు దాటాక ఇసుక వచ్చిన చోట వాడి సైకిల్ దిగబడింది, నాది బయటికి వచ్చేసింది. అప్పుడు వాడే అడిగి తన టైర్లలో గాలి తీయించుకున్నాడు.

ట్యూబ్‌లెస్‌లో ఇబ్బంది లేకపోలేదు. మొదటిసారి వేసిన షాపు (పేరు అనవసరం) సీలెంట్ (చిల్లు పడితే లోపల్నుంచి పూడ్చే ద్రవం) సరిపడా పొయ్యలేదు. ఈ నేలలో చెకుముకి రాళ్ళు ఉంటాయి, పగిలితే బ్లేడులా కోస్తాయి. మ్యూడెన్ అనే ఊరు దాటి అడవిలో వెనక టైరు కోసుకుపోయి, ఆ కొంచెం సీలెంటుతో పూడక, ఆరు కిలోమీటర్లు నడిచాను. బిల్లులో మాత్రం పూర్తి సీలెంటుకి డబ్బులు వేశారు. అప్పటి నుంచి నేనే పోసుకుంటున్నాను, మూడు నెలలకోసారి టైరు పక్కకి లాగి లోపల ఆరిపోయిందేమో చూస్తాను. రంధ్రంలో దూర్చే రబ్బరు వత్తులు సంచిలో ఎప్పుడూ ఉంటాయి, ఒక ట్యూబు కూడా. గాలి మరీ తగ్గిస్తే ఇంకో ప్రమాదం ఉంది. 1.6 బార్‌తో వెళ్ళిన రోజు పైన్ వేరు తగిలి రిమ్ సొట్టపోయింది.

ఇసుక చైనుని అరగదీస్తుంది. నూనె వేసిన చైనుకి ఇసుక అంటుకుని ఉప్పుకాగితంలా రుద్దుతుంది, మొదటి చైను 1,900 కిలోమీటర్లకే పోయింది. కరిగించిన మైనంలో చైను ముంచి వాడటం మొదలుపెట్టాక ఒక్కోటి 3,000 దాటుతోంది. మొత్తం నాలుగు చైన్లు, రెండు ఫ్రీవీళ్ళు, పెడల్ ఇరుసు బేరింగులు రెండుసార్లు మార్చాను. నవంబర్ వానల్లో తడి ఇసుక డిస్క్ బ్రేకుల్లోకి చేరి కీచుమంటుంది, ప్యాడ్లు 800 కిలోమీటర్లకే అరిగిపోయిన ఏడాదీ ఉంది. ఫ్రేమ్‌కి, ఫోర్కుకి మాత్రం ఏమీ కాలేదు. ముందు రెండు పళ్ళ చక్రాలు ఉండటం ఇక్కడ అనవసరం, పెద్దదాని మీదకి మార్చేటప్పుడు చైను ఇసుకతో ఇరుక్కుంటుంది. ఒకటే చాలు.

ఎక్కువసార్లు వెళ్ళిన దారి బుఖ్‌హోల్ట్స్‌లో రైలు దిగి హాండెలో, వేలెన్, ఉండెలో, విల్సెడె, నీడర్‌హావర్‌బెక్ ఊళ్ళ మీదుగా ష్నెవర్‌డింగెన్ స్టేషన్ దాకా, 45 నుంచి 50 కిలోమీటర్లు. వేలెన్ దగ్గరే జేవె నది పుడుతుంది, నీళ్ళు జూలైలో కూడా చల్లగా ఉంటాయి. విల్సెడె ఊళ్ళోకి కార్లు రావు, గుర్రపు బండ్లే. ఆ బండ్ల దారులు కొన్నిచోట్ల గుండ్రాళ్ళు పరిచినవి. వాటి పక్కన చెయ్యి వెడల్పు మట్టి దారి ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవాలి. పూల కాలంలో ఆదివారం మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, నడిచేవాళ్ళతో దారి నిండిపోతుంది. పొద్దున ఏడింటికి వెళ్తే మంచు ఇంకా పొదల మీదే ఉంటుంది.

అలాంటి ఒక పొద్దున నీడర్‌హావర్‌బెక్ దగ్గర గొర్రెల మంద అడ్డొచ్చింది. హైడ్‌ష్నుకె అంటారు వాటిని: బూడిదరంగు పొడుగు బొచ్చు, నల్లటి మొహం, మెలి తిరిగిన కొమ్ములు. బర్చ్, పైన్ మొక్కలు మొలవగానే ఇవి కొరికేస్తాయి కాబట్టే హైడె అడవిగా మారిపోకుండా ఉంది. సైకిల్ దిగి నిలబడ్డాను. కాపరి చెయ్యెత్తి పలకరించాడు, కుక్క ఒకటి నా చక్రం వాసన చూసి వెళ్ళిపోయింది. మంద దాటేదాకా వినపడింది ఒకటే: వందల నోళ్ళు ఎండిన కొమ్మలు కొరికే చిటపట. పది నిమిషాలు పట్టింది, అది ఇంకో పది నిమిషాలు సాగినా బాగుండేది.

రెండో దారి సోల్టావు నుంచి మ్యూడెన్, హెర్మన్స్‌బుర్గ్ మీదుగా ట్సెల్లె దాకా, 80 కిలోమీటర్ల దగ్గర. ఇది పైన్ అడవుల దారి. ఓర్ట్సె నది పక్కపక్కనే వస్తూ పోతూ ఉంటుంది, అడుగున ఇసుక కనిపించేంత తేట నీళ్ళు. ఇక్కడ అడవి బాటలు వెడల్పుగా, నున్నగా ఉంటాయి, ఈ రకం సైకిల్‌కి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. ఒక జాగ్రత్త: మున్‌స్టర్, బెర్గెన్ చుట్టూ సైన్యం కాల్పుల మైదానాలున్నాయి. ఫోన్ చూపించిన దారి అటు పోతే గుడ్డిగా పోకుండా, హెచ్చరిక బోర్డు కనిపించిన చోటే వెనక్కి తిరగండి. ఇంకోటి, ఇంటికి రాగానే కాళ్ళు, మోకాలి వెనక భాగం చూసుకోండి. గడ్డిలో పిడుదులు ఉంటాయి, కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు.

కారు లేనివాళ్ళకి ఒక మంచి మాట. జూలై మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా హైడె-షటిల్ బస్సులు ఉచితం, సైకిళ్ళు పెట్టుకోవడానికి వెనక ట్రైలర్ కూడా ఉంటుంది. అలసిపోయినప్పుడు నన్ను రెండుసార్లు స్టేషన్‌కి చేర్చాయి.

మళ్ళీ కొనాల్సివస్తే ఇదే రకం కొంటాను, 50 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేమ్ చూసుకుంటాను, ముందు ఒకే పళ్ళ చక్రం. కార్బన్ ఫ్రేమ్‌కి పెట్టే అదనపు డబ్బు మంచి రిమ్‌లకీ టైర్లకీ పెడతాను. ప్రస్తుతానికి దీన్ని మార్చే ఆలోచన లేదు. ఐదో చైను నిన్న రాత్రి మైనంలో ముంచి ఆరేశాను, శనివారం సోల్టావు నుంచి బయలుదేరతాను.