సర్పి టీకా రెండో డోసుకు ముందుగా డబ్బు కట్టకండి: తిరుపతిలో మా అమ్మ విషయంలో ఏం జరిగిందంటే

జనవరి 18న తిరుపతిలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో మా అమ్మకు సర్పి టీకా మొదటి డోసు వేయించాను. రెండో డోసు పడింది ఆగస్టు 9న. అదీ ఆ క్లినిక్‌లో కాదు, చిత్తూరులో, మళ్ళీ డబ్బు పెట్టి. మధ్యలో మేము పడిన తిప్పలు ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను.

సర్పిని మా వైపు పెద్దవాళ్ళు అక్కి అంటారు. అంతకుముందు ఏడాది మా నాన్నకు వచ్చింది. నడుముకు ఎడమవైపు మాత్రమే, పట్టీ వేసినట్టు పొక్కులు లేచాయి. ఇంట్లో పెద్దవాళ్ళ మాట విని ముందు జాజు పూయించాం. ఐదో రోజు డాక్టరు దగ్గరకు పోతే, మూడు రోజుల లోపల వచ్చి ఉంటే మందులు ఇంకా బాగా పనిచేసేవి కదా అన్నారు. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి. నొప్పి మాత్రం ఐదు నెలలు వదల్లేదు. బనియను అంచు తగిలినా మంటే. రాత్రి రెండింటికి లేచి చూస్తే వరండాలో ఒక్కరే కూర్చుని ఉండేవారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళ నరాల్లో ఆ వైరస్ అలాగే ఉండిపోతుంది. వయసు పైబడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు సర్పిగా పైకి వస్తుంది. అమ్మకు కూడా చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. ఇప్పుడు 66 ఏళ్ళు, పైగా షుగరు. నాన్నను చూశాక ఆమెకు టీకా వేయించకుండా ఊరుకోలేకపోయాం.

టీకా పేరు షింగ్రిక్స్. 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. 50 దాటినవాళ్ళకు రెండు డోసులు, వాటి మధ్య 2 నుంచి 6 నెలలు ఉండాలి. కంపెనీ పరీక్షల్లో 50 దాటినవాళ్ళకు 97 శాతం, 70 దాటినవాళ్ళకు 91 శాతం రక్షణ వచ్చింది. అయితే అది రెండు డోసులూ పడినవాళ్ళ లెక్క. టీకా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా దాన్ని అమ్మిన తీరు మీద.

ఒక్కో డోసు పదివేలకు పైనే. "రెండు డోసులకూ ఇప్పుడే కట్టేస్తే వెయ్యి రూపాయలు తగ్గిస్తాం సార్, రెండోది మీ పేరు మీద రిజర్వు చేస్తాం" అన్నారు. నమ్మి కట్టేశాను. రసీదు మీద 'వ్యాక్సిన్ ప్యాకేజీ' అని మాత్రమే ఉంది. రెండో డోసు ఎప్పుడో, రాకపోతే ఏం చేస్తారో, ఒక్క ముక్క లేదు. అప్పుడు నాకు అడగాలని తోచలేదు.

మార్చి 18కి రెండు నెలలు నిండాయి. ఆ వారంలో ఫోన్ చేస్తే స్టాక్ లేదన్నారు. ఏప్రిల్‌లో కూడా అదే మాట. మే రెండో వారంలో "రేపు రండి, వచ్చేసింది" అంటే, చంద్రగిరి నుంచి ఎండలో అమ్మను ఆటోలో తీసుకుపోయాను. గంటన్నర కూర్చోబెట్టి, వచ్చినవి నిన్న సాయంత్రమే అయిపోయాయన్నారు. పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. మాటల్లో తెలిసింది, ఆయనకు ముందు రోజే వేశారట. మొదటి డోసు! రెండో డోసు కోసం ముందుగా డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్ళు ఉండగా, వచ్చిన సరుకును కొత్తగా డబ్బు కట్టేవాళ్ళకు వేస్తున్నారు. మా డబ్బు ఎలాగూ వాళ్ళ చేతిలోనే ఉంది కదా. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మే "ఇంకోసారి వద్దాంలే నాయనా" అని నన్ను సముదాయించింది.

జూన్‌లో ఒకసారి "చెన్నైలో దొరుకుతుంది, మీరే కొని ఐసు పెట్టుకుని తెచ్చుకోండి, మేము వేస్తాం" అన్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఎండకు వేడెక్కితే ఎలాగూ పాడవుతుంది, ఐసుకు ఆనుకుని గడ్డకట్టినా పారేయాల్సిందే. రైల్లో మూడు నాలుగు గంటలు మన చేతి సంచిలో అది ఏమవుతుందో చూసి చెప్పేవాళ్ళు ఎవరు?

చివరికి జూలై 25కి డేటు ఇచ్చారు. జూలై 18తోనే ఆరు నెలలు నిండిపోతాయని చెప్పినా వినలేదు. 25న పోతే కౌంటర్‌లో ఏమన్నారో తెలుసా? "ఆరు నెలలు దాటిపోయింది సార్, మొదటి డోసు పనిచేయదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంకొక డోసుకు డబ్బు కట్టండి." ఆలస్యం చేసింది వాళ్ళు, డబ్బు కట్టాల్సింది మేము.

దాదాపు కట్టేసేవాడినే. కార్డు కూడా బయటికి తీశాను. ఎందుకో మనసొప్పక బయటికి వచ్చి, మా నాన్నకు వైద్యం చేసిన డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది మీరందరూ గుర్తుపెట్టుకోండి. ఆరు నెలలు దాటినా మొదటి డోసు వృథా కాదు. మళ్ళీ మొదటి నుంచి వేయక్కర్లేదు, మిగిలిన రెండో డోసును వీలైనంత త్వరగా వేయిస్తే చాలు. అమెరికా ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. 2018లో అక్కడ ఈ టీకాకు కొరత వచ్చి చాలామందికి రెండో డోసు ఆలస్యమైంది. తర్వాత 65 దాటినవాళ్ళ మీద చేసిన పెద్ద పరిశీలనలో, ఆరు నెలలు దాటాక వేయించుకున్నవాళ్ళకు రక్షణ తగ్గినట్టు కనిపించలేదు. కాబట్టి ఆలస్యమైందని భయపడకండి, అలాగని మానేయకండి కూడా. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకు మాత్రం రెండో డోసు 1 నుంచి 2 నెలల్లోనే వేయవచ్చు. వాళ్ళు డేటు విషయం డాక్టరుతోనే మాట్లాడుకోవాలి.

కోవిడ్ అప్పుడు కోవిన్ నుంచి మన ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. అప్పుడు కూడా కోవిషీల్డ్ గ్యాప్‌ను 2021 మేలో 12 నుంచి 16 వారాలకు పెంచినప్పుడు జనం టెన్షన్ పడ్డారు, కానీ కనీసం చెప్పేవాళ్ళు ఉన్నారు. మనం ప్రైవేటుగా కొనే టీకాలకు మన క్యాలెండరే దిక్కు. మొదటి డోసు వేసిన రోజే దాని మీద రెండు నెలల తేదీ, ఆరు నెలల తేదీ రాసుకోండి. మొదటి డోసుకు మాత్రమే డబ్బు కట్టండి, వెయ్యి రూపాయల తగ్గింపుకు ఆశపడకండి. ఇప్పటికే రెండింటికీ కట్టేసి ఉంటే, ఫలానా తేదీ లోపల వేయకపోతే డబ్బు వెనక్కి ఇస్తామని రసీదు మీద రాయించుకోండి. ఫోన్‌లో వాళ్ళు చెప్పే మాటలను వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టమనండి. నేను అన్నీ నోటి మాటగానే నమ్మాను. ఇప్పుడు చూపించడానికి ఆ ఒక్క రసీదు తప్ప నా దగ్గర ఏమీ లేదు.

చిత్తూరులో నాలుగు చోట్ల విచారిస్తే ఒక ఆసుపత్రిలో దొరికింది. వేసే రోజు వరకు పైసా తీసుకోలేదు. అక్కడి నర్సమ్మ ఫ్రిజ్‌లోంచి పెట్టె తీసి, ఎక్స్‌పైరీ చూపించి, మా ముందే పొడి సీసాలో ద్రవం కలిపింది. ఈ టీకా రెండు సీసాలుగా వస్తుంది, కలిపాక వెంటనే వేసేయాలి. బ్యాచ్ నంబరు స్టిక్కర్ కార్డు మీద అంటించింది. మొదటి డోసుకు మాకు కార్డే ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. మీరు తప్పకుండా అడిగి తీసుకోండి, రెండో డోసు వేరే ఊళ్ళో వేయించాల్సి వస్తే అదే ఆధారం.

అమ్మకు రెండు రోజులు చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం వచ్చి తగ్గాయి. పాత క్లినిక్‌కు రాతపూర్వకంగా డబ్బు అడిగాను. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బు ఇంకా రాలేదు.