మానే గిటారు గాయకుడు: రంగుల్లోనా, గీతల్లోనా?

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎదువార్ మానే 1860లో గీసిన తైలచిత్రం ‘స్పానిష్ గాయకుడు’ 1861 పారిస్ సలోన్‌ అనే అధికారిక కళా ప్రదర్శనలో గౌరవ ప్రస్తావన పొందింది. ఆ ఊపులోనే దాన్ని రాగిరేకు మీద ఎచ్చింగ్‌గా, అంటే యాసిడ్‌తో గీతలు చెక్కి కాగితం మీద అచ్చు తీసే బొమ్మగా, మలిచాడు. తైలచిత్రం దాదాపు అయిదడుగుల ఎత్తు. నల్ల కోటు, తలకు చుట్టిన తెల్లగుడ్డ, కాళ్ల దగ్గర ఉల్లిపాయలు, సిగరెట్ పీకలు కూడా కళ్లకు కడతాయి. గాయకుడు ఎడమచేత్తో తీగలు మీటుతున్నాడు, గిటారు మాత్రం కుడిచేతివాటం వారిది! ఎచ్చింగ్ చిన్న కాగితమంతే. రంగు లేదు, యాసిడ్ తిన్న సన్నగీతలు దగ్గరైతే నీడ, దూరమైతే వెలుగు. తైలచిత్రం ఒక్కటే, ఎచ్చింగ్ అచ్చులు ఎన్నో. చేతి వేగం చూడాలంటే నా ఓటు ఎచ్చింగ్‌కే. ఆ పీకల కోసమైతే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని తైలచిత్రం చూడాల్సిందే.