చెయ్యి తగిలే చోట ఏది నిలిచింది: 1969 మాక్ 1 డ్యాష్‌బోర్డుతో ఆరు చలికాలాలు

పాత కారు డ్యాష్‌బోర్డు బాగుచేయడానికి నేను వాడి చూసినవాటికి మార్కులు ముందే చెప్పేస్తాను. కర్ర నమూనా స్టిక్కరు కిట్టుకి ఐదుకి నాలుగు. క్రోమ్ ఇంకు పెన్నుకి ఒకటి. ప్లాస్టిక్ మీద అల్యూమినియం ఆవిరి పట్టించే వ్యాక్యూమ్ మెటలైజింగ్‌కి నాలుగున్నర. పాతదాన్ని చూసి కొత్తగా పోతపోసి అమ్మే పూర్తి ప్యానెల్‌కి రెండు. పని అయిపోయిన రోజే వేసుంటే మొదటి మూడింటికీ ఐదే వేసేవాణ్ణి. ఆ రోజు తీసిన ఫొటోల్లో పెన్నుతో పూసిన అంచుకీ ఫ్యాక్టరీ క్రోమ్‌కీ తేడా నాకే తెలియలేదు. తేడా వేళ్లకి తెలిసింది, అదీ ఎనిమిది నెలల తర్వాత.

బండి 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1. ఫ్యాక్టరీ వేసిన బండి నెంబరు 9ఎఫ్02ఎమ్ అని మొదలవుతుంది. 9 అంటే సంవత్సరం, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 02 అంటే టాపు వెనక్కి వాలిన స్పోర్ట్స్‌రూఫ్, ఎమ్ అంటే నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటరున్న 351 క్యూబిక్ అంగుళాల ఇంజను. మిషిగన్‌లో మేముండే కాంటన్ నుంచి ఆ ఫ్యాక్టరీకి కారులో అరగంట. ఆ ఏడాది మాక్ 1లు 72,458 తయారయ్యాయి. కాబట్టి నాదేమీ అద్దాల గదిలో పెట్టి చూసుకునే సరుకు కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏటా ఓ పదిహేను వందల మైళ్లు నడుపుతాను, చలికాలం గ్యారేజీలో ముసుగేసి పెడతాను. పోటీలో మార్కుల కోసం బండి బాగుచేసుకునేవాళ్లకి నా సమీక్ష పెద్దగా పనికిరాదు. నడుపుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ మోడల్ డ్యాష్ చూడనివాళ్లకి: డ్రైవరు ముందు నాలుగు గుండ్రటి మీటరు గూళ్లు, అవతలి సీటు ముందు ఒక గుండ్రటి గడియారం, వాటి చుట్టూ టేకు రంగు కర్ర నమూనా, దాని అంచుల వెంట సన్నటి క్రోమ్ గీత. కర్ర కర్ర కాదు, క్రోమ్ క్రోమూ కాదు. 2019 వేసవిలో నాన్నగారు వచ్చినప్పుడు గర్వంగా తలుపు తీసి చూపించాను. ఆయన రాజమండ్రిలో కర్ర అడితిలో ముప్ఫయ్యేళ్లు గుమాస్తాగా చేసినాయన. గడియారం పక్కన బొటనవేలి గోరుతో ఓసారి గీకి, "ఇది టేకేంట్రా, టేకు బొమ్మ" అన్నారు. గోరు గీసిన చోట పొర లేచింది కూడా. నిజానికి పని మొదలైంది అక్కడే.

విప్పడం గురించి రెండే మాటలు. బ్యాటరీ వైరు తీయకుండా ఏమీ ముట్టుకోకండి. హెడ్‌లైట్ నాబు లాగితే రాదు. డ్యాష్ కింద చెయ్యి పెడితే స్విచ్చి ఒంటికి ఒక చిన్న బొత్తాం తగులుతుంది, అది నొక్కి పట్టుకుంటేనే నాబు కాడతో సహా బయటికొస్తుంది. ఇది తెలియక లాగి, ప్యానెల్‌కి స్క్రూ దిగే చెవి విరగ్గొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. మీటర్ల వెనక ఉండే పల్చటి సర్క్యూట్ షీటు యాభై ఏళ్లకి అప్పడంలా అయివుంటుంది, మడవకండి. అక్కడే వోల్టేజి తగ్గించే చిన్న డబ్బా ఒకటుంటుంది. దాన్ని వదిలేసి మీటర్లకి నేరుగా పన్నెండు వోల్టులిచ్చి పరీక్ష చేస్తే అవి కాలిపోతాయి.

విరిగిన చెవి అతకడంతోనే నాకు ఈ పని మీద మోజు పుట్టింది. ముందు వెనకవైపు కనపడని చోట అసిటోను చుక్క వేసి చూశాను. జిగటగా మారింది, అంటే అసిటోనులో కరిగే ఏబీఎస్ ప్లాస్టిక్కే. అదే ప్లాస్టిక్‌తో చేసిన పాత కంప్యూటరు డబ్బా ముక్క ఒకటి చిన్న చిన్న పెచ్చులు చేసి, మూతున్న గాజు సీసాలో అసిటోను పోసి నానేస్తే మర్నాటికి జావ అయింది. విరుపు రెండువైపులా ఆ జావ పూసి అదిమి, వెనకాల సన్నటి ఇత్తడి జాలీ ముక్క కప్పి మళ్లీ పూశాను. రెండు రోజులు ఆరనిచ్చాను. ఆరేళ్లయింది, స్క్రూ బిగించి విప్పడం నాలుగుసార్లయింది, ఆ చెవి చెక్కుచెదరలేదు. జిగురు ప్లాస్టిక్ పైన పట్టుకుని వేలాడుతుంది, ఇది ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. ఖర్చు దాదాపు సున్నా.

ఇక స్టిక్కరు కిట్టు. కొలతకి కత్తిరించి వస్తుంది, డ్యాష్‌కీ తలుపులకీ కలిపి నాకు తొంభై డాలర్లు పడింది. గ్యారేజీలో వేయబోయాను. జనవరి, లోపల గడ్డకట్టే చలి. 60 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా దిగితే ఈ జిగురు సరిగ్గా పట్టదు, అంటించిన ముక్క చేతులు దులుపుకునేలోపే అంచు లేపింది. దాంతో మకాం భోజనాల బల్లకి మార్చాను. "తినే బల్ల మీద ఇదేంటండీ" అని మా ఆవిడ అడిగినా, వారం రోజులు సర్దుకుంది. ఆ వారం మేం సోఫాలో కూర్చునే తిన్నాం.

పాత పొర పీకాక ప్లాస్టిక్ మీద మిగిలిన బంక తీయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. వేలితో తడిమితే గాజులా జారాలి, ఒక్క నలుసు ఉన్నా పైన మొటిమలా కనిపిస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, అంచుల వెంట మాత్రమే జిగురు గట్టిగా పట్టేందుకు 3ఎమ్ 94 ప్రైమరు పూసి, చుక్క సబ్బు కలిపిన నీళ్లు చల్లి ముక్క సర్దాను. తడిమీద కాసేపు జరుపుకోవచ్చు, పొడిగా అంటిస్తే ఆ అవకాశం లేదు. ప్రైమరున్న అంచు మాత్రం పడగానే పట్టేస్తుంది, కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టి అంచుని చివరకి దించాలి. గడియారం చుట్టూ లోపలికి వంగే చోట హీట్ గన్ చూపించక తప్పదు, కానీ దూరంగా. ఒక చోట ఎక్కువసేపు చూపించాను. పొర మీద కర్ర చారల గరుకు కరిగి నున్నగా అయిపోయింది. ఇప్పటికీ ఎండ పక్కనుంచి పడితే అక్కడ పైసా బిళ్లంత మెరుపు కనిపిస్తుంది. ఒక మార్కు పోయింది దాని వల్ల కాదు, అది నా తప్పు.

ఆ మార్కు పోయింది రంగు వల్ల. డ్యాష్ మీద రంగు ఇప్పటికీ అలాగే ఉంది. డ్రైవరు వైపు తలుపు మీద మాత్రం టీ పొడి రంగు కాస్తా పాలు ఎక్కువైన టీ అయింది. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది, ఎండలో ఉండే అతినీల కిరణాల్ని అది దాదాపు ఆపేస్తుంది. పక్క అద్దాలు ఒంటి గాజు, చాలావరకు వదిలేస్తాయి. మోచెయ్యి ఆనే చోట ఇంకా ముందే వెలిసింది.

నాన్నగారు మళ్లీ వచ్చినప్పుడు పని పూర్తయిన డ్యాష్ చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ చూశారు. "మీటర్ల పక్కనున్న సుడే ఆ పక్కన గడియారం దగ్గర కూడా ఉందిరా. ఒకే దుంగలో పక్కపక్క పలకలైనా ఇలా అచ్చుగుద్దినట్టుండవు" అన్నారు. నిజమే, అచ్చు నమూనా ప్రతి అడుగున్నరకీ తిరిగొస్తోంది. ఆరేళ్లలో ఇది పట్టుకున్నది ఆయనొక్కరే. కానీ ఆయన చెప్పాక నాకు రోజూ అదే కనిపిస్తోంది.

క్రోమ్ దగ్గర మాత్రం నాకు సమ్మెట దెబ్బే తగిలింది. పెన్ను నలభై డాలర్ల లోపు, పూయడం సులువు, ఆరాక అద్దమే. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి ఆ బండితోనే వెళ్లాను. ఫెర్న్‌డేల్ దాటేసరికే ట్రాఫిక్ నత్తనడక, లోపల ఉక్క, చెమట చేతులతో రేడియో తిప్పడం, లైట్ల నాబు లాగడం. అక్టోబరులో ముసుగేసేముందు చూస్తే నాబు చుట్టూ, రేడియో కింద అంచు మసిబారిన గిన్నె రంగులోకి దిగింది. ఎవరూ ముట్టుకోని గడియారం అంచు మాత్రం కొత్తదానిలాగే ఉంది. పోనీ అని మళ్లీ పూసి పైన క్లియర్ లక్క కొట్టాను. కొట్టిన నిమిషంలో క్రోమ్ కాస్తా వెండి రంగు పెయింటు అయిపోయింది. ముట్టుకోని చోట చిన్న గీతలు కప్పుకోవడానికి తప్ప ఈ పెన్ను కొనకండి.

అప్పుడు వ్యాక్యూమ్ మెటలైజింగ్‌కి పంపాను. పాత మెరుపు పొర మనమే తీసి పంపితే కొంత తగ్గిస్తారు. అది అతి పల్చటి అల్యూమినియం పొరే, బట్టలకి వాడే బ్లీచ్‌లో రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి కింది నలుపు బయటపడింది. (బ్లీచూ అసిటోనూ ఒకే బల్ల మీద పెట్టకండి, కలిస్తే విషవాయువు.) అక్కడ ముందు లక్క కొట్టి, గాలి తీసేసిన గదిలో అల్యూమినియం ఆవిరి పట్టించి, మళ్లీ పైన లక్క వేస్తారు. చేతికీ అల్యూమినియానికీ మధ్య లక్క ఉంటుంది కాబట్టి చెమట అంత తొందరగా తినదు. నాకు మూడు వందల నలభై డాలర్లు, పదకొండు వారాలు పట్టింది. అడుగు లక్క కాస్త మందంగా పడి సన్నటి గాడులు కొద్దిగా పూడుకున్నాయి, అందుకే అర మార్కు తగ్గించాను. నాలుగు వేసవులు గడిచాయి, నాబు చుట్టూ వేలిముద్రలు పడతాయి, తుడిస్తే పోతాయి. ఒక జాగ్రత్త: ముందు క్రోమ్, తర్వాత నలుపు రంగు, ఆఖర్న స్టిక్కరు. నేను తలకిందులుగా చేసినందుకు ఒక కిట్టు వృథా అయి రెండోది కొనాల్సొచ్చింది.

నలుపు భాగాలకి సెమ్ ట్రిమ్ బ్లాక్ స్ప్రే వాడాను, పల్చగా మూడు పొరలు, ఫిర్యాదేమీ లేదు. మీటర్ల మీది ప్లాస్టిక్ అద్దాలకి నోవస్ పాలిష్ మూడు సీసాలూ వరసగా వాడితే చాలు. సిలికాన్ కలిసిన మెరుపు నూనెలు మాత్రం డ్యాష్ దగ్గరికి రానివ్వకండి. పాత యజమాని రాసిన నూనె ఎక్కడో మిగిలి, మొదటిసారి కొట్టిన రంగు ముడుచుకుపోయి చిన్న చిన్న గుంటలు పడింది. మొత్తం గీకి మళ్లీ కొట్టాను.

కొత్త ప్యానెల్ సంగతి. గడియారం వైపుది ఒకటి పూర్తిగా కొత్తది తెప్పించాను, పాతది అటక మీద పడేద్దామని. గడియారం కన్నం రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంది, రెండు స్క్రూలు ఒకేసారి దిగవు, కర్ర రంగు ఎర్రచందనానికి దగ్గరగా ఉంది. కన్నం ఆకురాయితో రుద్ది సరిచేయొచ్చు, రంగుని ఏం చేస్తాం? ఇప్పుడు అటక మీదున్నది ఆ కొత్తదే. పాతది ఎంత బీటలిచ్చినా పారేయకండి, ముక్కలున్నంతవరకు అసిటోను జావ అతుకుతుంది.

ఈ చలికాలం డ్రైవరు వైపు తలుపు ముక్క మార్చాలి. అదే చోట కొత్త కిట్టు కొన్నాను, మిగిలిపోయిన పాత తునక పక్కన పెట్టి చూస్తే ఒక వన్నె ముదురుగా ఉంది. ఒక్క తలుపుకి వేస్తే తేడా కొట్టొచ్చినట్టుంటుంది, రెండింటికీ వేయాలి. భోజనాల బల్ల ఇంకో వారం కావాలి. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.