పదిహేనేళ్ల పిల్లకు పెద్దల రిపోర్టు: లిపిడ్ ప్రొఫైల్ ప్యాకేజీలపై రివ్యూ

‘8 పరీక్షలు’ అంటూ అమ్మే లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష)లో చాలా చోట్ల నిజంగా కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్). మిగతావి కూడికలు, తీసివేతలు. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్లను మోసే కణాల్లోని కొలెస్ట్రాల్). మొత్తంలోంచి దాన్నీ హెచ్‌డీఎల్‌నీ తీసేస్తే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్). ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ లెక్క, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనిచెయ్యదు (ఇక్కడి అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). పైన మూడు రేషియోలు పేర్చితే ఎనిమిదవుతాయి. అయినా పరీక్ష మంచిదే, చవకే. తంటా అంతా రిపోర్టులో కుడివైపు గడిలోనే ఉంది.

అక్కడ అచ్చయ్యేవి పెద్దవాళ్ల హద్దులు. పదిహేనేళ్ల పిల్లకు మొత్తం కొలెస్ట్రాల్ 188, ట్రైగ్లిజరైడ్లు 138, హెచ్‌డీఎల్ 42 వచ్చాయనుకోండి. చాలా రిపోర్టుల్లో అచ్చయ్యే పెద్దల హద్దులు 200 లోపు, 150 లోపు, 40 పైన. హద్దు దాటినట్టు ఒక్క అంకె కూడా బోల్డులో పడదు, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. 2011లో అమెరికా ఎన్‌హెచ్‌ఎల్‌బీఐ (గుండె, ఊపిరితిత్తులు, రక్తంపై పనిచేసే ప్రభుత్వ సంస్థ) నిపుణుల బృందం పిల్లలకిచ్చిన హద్దులతో చూస్తే కథ వేరు: మొత్తం 170 దాటితే అంచున ఉన్నట్టు, ట్రైగ్లిజరైడ్లు 10–19 ఏళ్లలో 130కి చేరితేనే ఎక్కువ, హెచ్‌డీఎల్ 45 పైన ఉండాలి. 188లోంచి 42 తీసేస్తే నాన్-హెచ్‌డీఎల్ 146. పిల్లల్లో 145 నుంచే అది ఎక్కువ కింద లెక్క. చాలా రిపోర్టుల్లో ఈ ఒక్క తీసివేతే ఉండదు, మనమే చేసుకోవాలి. దీనికి పరగడుపు కూడా అక్కర్లేదు.

అదనంగా డబ్బు పెట్టదగ్గది అపో-బి. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ లాంటి ధమనుల్లో పేరుకునే ప్రతి కణం మీదా ఈ ప్రొటీన్ అణువు సరిగ్గా ఒక్కటి ఉంటుంది. కాబట్టి అది కొలెస్ట్రాల్ బరువు కాదు, కణాల తలలెక్క. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనే మనవాళ్ల మామూలు తీరులో ఎల్‌డీఎల్ అంకె బుద్ధిగా కనిపిస్తూనే కణాలు కిక్కిరిసి ఉండొచ్చు. పిల్లల్లో అపో-బి 90 లోపు ఉంటే మంచిది, 110కి చేరితే ఎక్కువ. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న, నడుము చుట్టుకొలత పెరిగిన అమ్మాయికి ఇది దండగ ఖర్చు కాదు. అపో-ఏ1 (హెచ్‌డీఎల్ కణాల మీది ప్రొటీన్) మాత్రం హెచ్‌డీఎల్ చెప్పినదానికి పెద్దగా కలిపేదేమీ లేదు, వదిలెయ్యొచ్చు. లైపోప్రొటీన్(ఎ) అనే ఎల్‌డీఎల్ లాంటి కణం మోతాదు దాదాపు పూర్తిగా జన్యువుల సొత్తు. ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులో గుండెపోటు వచ్చి ఉంటే జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు.

వయసు కూడా చూడాలి. ఎన్‌హెచ్‌ఎల్‌బీఐ బృందం పిల్లలందరికీ పరీక్ష చెయ్యమన్నది 9–11 ఏళ్లలో ఒకసారి, 17–21లో ఒకసారి. మధ్యలో, యుక్తవయసు మార్పులప్పుడు, కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ తాత్కాలికంగా తగ్గుతాయి. పదమూడో ఏట మామూలుగా వచ్చిందని ఫైలు మూసెయ్యకూడదు.

ఇంటికొచ్చి రక్తం తీసే సర్వీసు సౌకర్యమే, కానీ తప్పులు జరిగేదీ అక్కడే. పిల్లను నిద్రలేపి మంచం మీదే చెయ్యి చాపమంటారు. ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోనివ్వాలి. రబ్బరు పట్టీ నిమిషం కంటే ఎక్కువసేపు బిగించి నరం వెతికితే రక్తం చిక్కబడి అంకెలు పైకి పోతాయి. ట్రైగ్లిజరైడ్లు చూడాలంటే 9–12 గంటల పరగడుపు కావాలి. మంచినీళ్లు తాగొచ్చు, పాలు, టీ కుదరవు. జ్వరం తగ్గిన వారంలోనే చేయిస్తే కొలెస్ట్రాల్ తక్కువ చూపిస్తుంది, మూడు వారాలు ఆగాలి.

అంకె ఎక్కువొస్తే రెండు వారాల తర్వాత, మూడు నెలల లోపు పరగడుపున మళ్లీ చేయించి సగటు తీసుకోవాలి. దాంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) అడగండి, థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే ట్రైగ్లిజరైడ్లు పెరగొచ్చు, ఆ మాట డాక్టరుకి చెప్పాలి. ట్రైగ్లిజరైడ్లు పెరిగాయని గుడ్డు మాన్పించడం మన ఇళ్లలో మామూలే. తగ్గించాల్సింది కూల్‌డ్రింకు, స్వీట్లు, కంచంలో అన్నం కుప్ప. ఎల్‌డీఎల్ 190 దాటితే మాత్రం అది తిండి గొడవ కాకపోవచ్చు, వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బేమో చూడాలి. అప్పుడు అమ్మానాన్నలకూ తోబుట్టువులకూ కూడా పరీక్ష రాయించుకోండి.