చలికి ఓర్చే ట్రాకికార్పస్ పామ్ అని చెప్పి ఓర్చలేని వాషింగ్టోనియా అంటగట్టారు, కొనేవాళ్లు ముందు మట్ట అంచు చూడండి

రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతికి కుళ్లిన మొవ్వు వాసన పోలేదు. పొద్దున ఆ మొక్కలు అమ్మినాయనతో ఫోన్లో మాట్లాడాక చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను. లేచి ఇది రాయడం మొదలుపెట్టాను. కోపంలో ఉన్నాను, మాటలు అటూ ఇటూ అయితే మన్నించండి.

అమ్మినాయన పేరు రాయను. గడ్డకట్టే చలిలో పామ్ చెట్లు పెంచాలని తాపత్రయపడే మనవాళ్లలో ఆయన తెలియనివాళ్లు తక్కువే. మంచులో పచ్చగా ఉన్న చెట్టు పక్కన నిలబడి వీడియోలు పెడతారే, ఆయనే. నేను కూడా ఆ వీడియోలు చూసే నమ్మాను. చలికాలానికి ఆరు వారాల ముందు రెండు మొక్కలు తెప్పించాను. రెండూ ట్రాకికార్పస్ ఫార్చునై అన్నారు, కుండీ మీద అదే పేరు, కింద ‘మైనస్ 15 వరకు’ అని అక్షరాలు. మొక్కలు చూడ్డానికి బాగున్నాయి. నా నడుం ఎత్తు, విసనకర్రల్లా విప్పుకున్న ఆకులు. డబ్బు పంపిన రోజు ‘మేడమ్ గారూ, మీకు ఏ సందేహం వచ్చినా అర్ధరాత్రి అయినా మెసేజ్ పెట్టండి’ అని రాశారు. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది.

ఈ చెట్టే ఎందుకు కావాలనుకున్నానో మీకు చెప్పక్కర్లేదు. చైనా కొండల్లో మంచుకి అలవాటుపడిన చెట్టు. 1849లో మొక్కలు సేకరించే రాబర్ట్ ఫార్చ్యూన్ అక్కడి నుంచి ఇంగ్లండ్‌కి పంపాడు, ఫార్చునై అన్న పేరు ఆయనదే. ఆల్ప్స్ పర్వతాలకి దక్షిణంగా ఉన్న స్విట్జర్లాండ్ ప్రాంతం టిచీనోలో ఎవరూ నాటకుండానే అడవుల్లో మొలిచి పెరుగుతోంది. ఎదిగి వేళ్లు బాగా పట్టిన చెట్టు మైనస్ 12, కొంచెం కప్పి కాపాడితే మైనస్ 15 దాకా ఓర్చుకుంటుంది. కాబట్టి ఆయన లేబుల్ మీద రాసిన అంకె అబద్ధం కాదు. చెట్టే అబద్ధం.

చలి వచ్చింది. ఎనిమిది రోజులు పగలు కూడా సున్నా దాటలేదు, రెండు రాత్రులు మైనస్ 13 చూశాం. నేను చేయాల్సిందంతా చేశాను, ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆయన ఇప్పుడు నా మీదికే తోస్తున్నారు. మొక్కల మొదళ్లలో జానెడు మందాన ఎండుటాకులు పోశాను. ఆకులన్నీ పైకి దగ్గరగా కట్టి, గాలాడే తెల్ల గుడ్డ రెండు వరసలు చుట్టాను. లోపల పాతరకం బల్బుల తీగ పెట్టాను, ఎల్‌ఈడీ వాటికి వేడి రాదని తెలిసి ఎక్కడెక్కడో వెతికి తెచ్చాను. మొవ్వులోకి నీళ్లు దిగకుండా పైన చిన్న కప్పు కట్టాను. రాత్రి రెండింటికి లేచి టార్చి వేసుకుని బల్బులు వెలుగుతున్నాయో లేదో చూసుకున్న రోజులున్నాయి. మా అమ్మాయి కూడా నాతో లేచి వచ్చేది.

చలి విరిగాక గుడ్డ విప్పితే ఆకులు గడ్డి రంగులో ఉన్నాయి. ఆకులు పోతే పోయాయి, మొవ్వు ఉంటే చాలు అనుకున్నాను. మధ్యలో పొడుగ్గా మూసుకుని ఉండే మొవ్వు ఆకుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాను. ఏ పట్టూ లేకుండా ఊడి చేతిలోకి వచ్చేసింది. అడుగు మెత్తగా, గోధుమరంగులో, ముక్కు మూసుకోవాల్సినంత వాసన. కొబ్బరి తోటలున్నవాళ్లు మొవ్వుకుళ్లు అనేది ఇలాగే ఉంటుంది. పామ్ చెట్టుకి ఒక కాండానికి ఒకటే పెరిగే మొన, అది పోతే పక్క కొమ్మ వేసుకునే దారి దానికి లేదు. అయినా వదల్లేదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోశాను, వారానికోసారి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాను, నెలన్నర చూశాను. రెండో మొక్క మొవ్వు కూడా అలాగే వచ్చేసింది.

నిన్న తవ్వేశాను. ఫొటో తీసి ఆయనకి పంపుదామని మొక్కని మళ్లీ దాని కుండీలో నిలబెట్టాను. కుండీలు దొడ్లో వానకి తడుస్తూ పడి ఉన్నాయి. లేబుల్ మూల లేచి ఉంది. వేలితో సర్దబోతే మొత్తం ఊడొచ్చింది, దాని కింద ఇంకో లేబుల్. మొక్కని పెంచిన నర్సరీ అచ్చు వేసిన లేబుల్, బొమ్మతో సహా. వాషింగ్టోనియా రోబస్టా. రెండో కుండీ గోకి చూశాను. అదే.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వాషింగ్టోనియా రోబస్టా మెక్సికో చెట్టు, వెచ్చటి ఊళ్లలో రోడ్ల పక్కన సన్నగా ఆకాశానికి పెరిగి కనిపిస్తుంది. సుమారు మైనస్ 6 దగ్గర ఆకులు మాడతాయి, మైనస్ 9, 10 దగ్గర చెట్టే పోతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని చలి పట్టినప్పుడు అక్కడ వాషింగ్టోనియాలు పెద్దఎత్తున చచ్చాయి. అంత చలికీ ఆ ప్రాంతపు పొట్టి పామ్ సబల్ మైనర్ నిలబడింది. అంటే నేను ఎన్ని గుడ్డలు చుట్టినా ఎన్ని రాత్రులు మేలుకున్నా నా చోట అది బతికే చెట్టు కాదు.

నా మీద నాకు ఎక్కువ కోపం ఇక్కడే. గుర్తులన్నీ కళ్లముందే ఉన్నాయి. మట్ట కాడ రెండు అంచులా రంపం పళ్లలాంటి ముళ్లు ఉన్నాయి, నాటేటప్పుడు చేతొడుగు చిరిగి వేలు కోసుకుంది. తాటిమట్ట పట్టుకున్న చేతులు కదా, విసనకర్ర ఆకు చెట్లన్నిటికీ ఇంతేలే అనుకున్నాను. ఇంతే కాదు. ట్రాకికార్పస్ కాడ అంచున ఉండే పళ్లు చాలా చిన్నవి, వేలితో రాస్తే కాస్త గరుకుగా తగులుతాయి, కోయవు. ఆకు చీలికల మధ్య తెల్లటి నూలుపోగులు వేలాడుతున్నాయి, ఎంత అందంగా ఉన్నాయో అని ఆయనకే ఫొటో పెట్టాను. ఆయన నవ్వు బొమ్మ పంపారు! ఆ పోగులు వాషింగ్టోనియావి. ట్రాకికార్పస్‌కైతే మట్టల మొదట్లో ముతక గోనెగుడ్డ చుట్టినట్టు గోధుమరంగు పీచు ఉంటుంది. నా మొక్కలకి ఆ పీచు లేదు. ‘చిన్న మొక్క కదా, తర్వాత వస్తుంది’ అని నాకు నేనే చెప్పుకున్నాను. పైగా అంత వేగంగా ఆకులు వేసే చెట్టు ట్రాకికార్పస్ ఎలా అవుతుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇక పొద్దున ఫోన్.

మూడుసార్లు మోగాక ఎత్తారు. కొన్న రోజు ‘మేడమ్ గారూ, మీరు’ అన్న మనిషి, మొక్కలు చచ్చాయని చెప్పగానే ‘చూడమ్మా’ అన్నారు. ‘చూడమ్మా, పామ్ అన్నాక రిస్క్ ఉంటుంది. నువ్వు కప్పడం రాక చంపుకున్నావు.’ కప్పిన తీరంతా చెప్పాను. అదే వరసలో, అదే గుడ్డ కింద ఒక స్నేహితురాలు గింజ నుంచి పెంచి ఇచ్చిన అసలు ట్రాకికార్పస్ ఉంది, దానికి ఆకు కొసలు మాత్రమే మాడాయి అన్నాను. దాని మొవ్వు మీదా పక్క ఆకు మీదా కలిసేలా మార్కర్‌తో గీత గీశాను, ఇప్పుడు మొవ్వు మీది గీత రెండు వేళ్ల ఎత్తు పైకి జరిగింది, అంటే పెరుగుతోంది. కప్పడం నాకు రాకపోతే అదెలా బతికింది అని అడిగాను.

జవాబు లేదు. పక్కన ఎవరితోనో ‘ఒక్క నిమిషం, ఏదో చెట్టు చచ్చిందంట’ అనడం వినిపించింది.

అప్పుడు లేబుల్ సంగతి చెప్పాను. కాసేపు ఆగి, ‘ఆ కుండీలు పాతవి, మళ్లీ వాడాం’ అన్నారు. కుండీ పాతదే అనుకుందాం, మట్ట అంచున ముళ్లు కూడా పాత మొక్కవేనా, ఆ నూలుపోగులూ పాత మొక్కవేనా, నేను పంపిన ఫొటోలో మీరే చూశారు కదా అన్నాను. దానికి ఆయనన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను:

‘నీకు అంత తెలిస్తే కొనేటప్పుడే చూసుకోవాల్సింది.’

ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నేను పంపిన మెసేజ్‌లు ఆయనకి చేరడం లేదు.

ఇప్పటికీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఎందుకంటే నిన్న సాయంత్రం నుంచి నన్ను నేను తిట్టుకుంటున్న మాట కూడా అదే. కానీ నేను తిట్టుకోవడం వేరు, మోసం చేసినవాళ్లు తిట్టడం వేరు. నాకు తెలియదనే కదా తెలిసిన మనిషి దగ్గర కొన్నాను. తెలిసిన మనిషి నర్సరీ లేబుల్ మీద ఇంకో లేబుల్ అంటించాడంటే అది పొరపాటు కాదు, ఎవరో కూర్చుని చేత్తో చేసిన పని. డబ్బు తిరిగి రాదని అర్థమైంది. నెలల తరబడి నేను తప్పు చేశానని కుమిలాను చూడండి, అది నాకు ఇంకా బాధగా ఉంది. మా అమ్మాయి ‘ఆ రోజు నేను బల్బు సరిగా చూడలేదేమో అమ్మా’ అంది. ఆ పిల్ల చేత ఆ మాట అనిపించినందుకు ఆయన్ని క్షమించలేను.

ఇంకో విషయం. ఆయన ప్రతి మొక్క కింద ‘జోన్ 7కి సరిపోతుంది’ అని రాస్తారు, చాలామంది అమ్మేవాళ్లూ రాస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ జోన్ పటం 2023లో కొత్తగా వచ్చింది, 1991 నుంచి 2020 దాకా లెక్కలతో. అది చెప్పేది ఏడాదిలో అన్నిటికంటే చల్లటి రాత్రి సగటున ఎంత దాకా పడుతుందో అంతే. జోన్ 7 అంటే ఆ సగటు సుమారు మైనస్ 18 నుంచి మైనస్ 12 మధ్య. సగటు కాబట్టి కొన్నేళ్లు దానికంటే కిందికే పోతుంది. ఎన్ని రోజులు గడ్డకట్టి ఉంటుందో, చలి తడిదో పొడిదో ఆ అంకెలో లేదు. ఒక్క రాత్రి మైనస్ 13 పడి మర్నాడు ఎండ కాస్తే బతికే చెట్టు, వారం పాటు గడ్డకట్టి మొవ్వులో నీళ్లు నిలిస్తే పోతుంది. ఆయన వీడియోల్లో చెట్టు మీద మంచు చూసి మురిసిపోయాను కానీ, ఆ మంచు మర్నాటికి ఉందో లేదో ఎప్పుడూ చూపించలేదని ఇప్పుడు తోస్తోంది.

కొనేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. మట్ట కాడ అంచు దగ్గరి నుంచి ఫొటో అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. కుండీ రాగానే లేబుల్ గోకి చూడండి. చలికాలం ముందు కొనకండి, వసంతంలో నాటితే వేళ్లు పట్టడానికి ఒక వేసవి దొరుకుతుంది. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కుండీలోనే ఉంచేవాళ్లు ఇంకా జాగ్రత్త, నేలలో వేళ్లు ఓర్చుకున్నంత చలి కుండీలో వేళ్లు ఓర్చుకోవు. నిజంగా కరుడుగట్టిన చలి ఉన్న చోట్లకి నీడిల్ పామ్ ఉంది, పొట్టిగా పొదలా పెరుగుతుంది, మైనస్ 20 దాకా నిలిచే చెట్టు అదే. దానికి వీడియోల్లో కనిపించే ఎత్తు ఉండదు, అందుకే ఆయన అది అమ్మరు.

ఆయన దగ్గర పోయిన సీజన్‌లో కొన్నవాళ్లు ఈ సాయంత్రమే వెళ్లి మట్ట అంచు మీద వేలు పెట్టి చూడండి. ముళ్లు కోస్తే, తెల్లటి పోగులు కనిపిస్తే, మొవ్వు ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటే ఆ మొక్క చావక్కర్లేదు. వేసవిలోనే తవ్వి పెద్ద కుండీలోకి మార్చి, చలి రాకముందే గడ్డకట్టని వెలుతురున్న గదిలోకి తెచ్చుకోండి. లేబుల్ ఫొటోలు రెండూ నా దగ్గర ఉన్నాయి, అడిగినవాళ్లకి పంపుతాను.